అమెరికాలో పోలీసు శాఖల గుర్తింపు

తెలుగు రాష్ట్రాలలో డీజీపీ కింద రాష్ట్రమంతటికీ ఒకే పోలీసు శాఖ ఉంటుంది గాని, అమెరికాలో నగరానికి ఒక శాఖ, జిల్లా వంటి కౌంటీకి ప్రజలు ఓట్లు వేసి ఎన్నుకునే షెరీఫ్, రాష్ట్రానికి వేరే దళం చొప్పున దాదాపు 18,000 పోలీసు సంస్థలు దేనికది స్వతంత్రంగా నడుస్తాయి. ఒక ఊరు దిద్దుకున్న తప్పును పొరుగూరు కూడా దిద్దుకోవాలన్న నిర్బంధం లేదు. అనుమానితులను హింసించి నేరం ఒప్పించే పద్ధతిని కేంద్ర ప్రభుత్వం నియమించిన వికర్‌షామ్ కమిషన్ 1931లోనే బయటపెట్టినా, దాన్ని అన్నిచోట్లా ఒక్క ఉత్తర్వుతో మాన్పించగల పోలీసు అధికారి ఆ దేశంలో లేడు.

పురపాలక సంస్థ విధానం వల్లగాని, అక్కడ పాతుకుపోయిన అలవాటు వల్లగాని పౌరుడి రాజ్యాంగ హక్కుకు భంగం కలిగితే ఆ సంస్థపైనే దావా వేయవచ్చునని సుప్రీంకోర్టు 1978లో మొనెల్ కేసులో తేల్చడంతో, సరైన నియమాలు లేని పోలీసు శాఖ నగర ఖజానాకే ముప్పుగా మారింది. మరుసటి సంవత్సరం నాలుగు పోలీసు అధికారుల సంఘాలు కలిసి, పోలీసు శాఖలకు ప్రమాణాలు నిర్ణయించి వాటిని పాటించే శాఖలకు గుర్తింపు ఇచ్చే 'కలీయా' అనే కమిషన్‌ను స్థాపించాయి. ఇది ప్రభుత్వ సంస్థ కాదు, దీని గుర్తింపు తప్పనిసరీ కాదు. 1984లో ఫ్లోరిడాలోని మౌంట్ డోరా అనే చిన్న పట్టణపు శాఖ మొట్టమొదట ఆ గుర్తింపు పొందింది.

కళాశాలలకు న్యాక్ బృందం వచ్చినట్టే ఇక్కడా బయటి పరిశీలకులు వచ్చి, ప్రతి ప్రమాణానికీ శాఖ రాసుకున్న నియమాన్నీ, దాన్ని పాటించినట్టు చూపే రుజువునూ సరిచూస్తారు. ఇందువల్ల కలిగే అసలు మేలు గోడకు వేలాడే పత్రంలో కాక మాల్ఖానాలో, అంటే స్వాధీనం చేసుకున్న డబ్బు, మత్తుపదార్థాలు, ఆయుధాలు దాచే గదిలో కనిపిస్తుంది. ఆ గది బాధ్యుడు మారినప్పుడల్లా లెక్క చూడాలనీ, దానితో సంబంధంలేని అధికారి ఏటా తనిఖీ చేయాలనీ ప్రమాణాలు విధించాయి. బలప్రయోగ నివేదికలను కూడా ఏటా సమీక్షించవలసిందే.

ఈ ప్రమాణాలు న్యాయస్థానం దాకా వెళ్లిన సందర్భమూ ఉంది. 1974లో మెంఫిస్ నగరంలో, దొంగతనం చేసి కంచె ఎక్కి పారిపోబోయిన ఎడ్వర్డ్ గార్నర్ అనే 15 ఏళ్ల బాలుణ్ణి, చేతిలో ఆయుధం ఉన్నట్టు కనిపించకపోయినా, ఒక పోలీసు కాల్చి చంపాడు. టెనెసీ చట్టం అప్పట్లో దాన్ని అనుమతించింది. 1985లో సుప్రీంకోర్టు ఆ చట్టం ఇలాంటి నిరాయుధులకు వర్తించడాన్ని రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేస్తూ, ప్రాణరక్షణకు, లేదా తీవ్రగాయం కలిగే తక్షణ ప్రమాదం నుంచి ఎవరినైనా కాపాడటానికి మాత్రమే మారణబలం వాడాలన్న కలీయా ప్రమాణాన్ని తన తీర్పులో ఉదహరించింది. అప్పటికి గుర్తింపు పొందిన శాఖలు చాలా తక్కువే అయినా, పోలీసులే ఒప్పుకొని రాసుకున్న నియమం కనుక, అది అమలుకు సాధ్యంకాదన్న వాదనకు బలం తగ్గింది.

అయితే పరిశీలకులు చాలావరకు పోలీసు వృత్తివారే కావడం, రుజువులు ఎక్కువగా కాగితాల రూపంలోనే ఉండటం ఈ పద్ధతిలోని లోపాలు; రాత్రివేళ వీధిలో జరిగేదంతా దస్త్రానికి ఎక్కదు. పైగా రుసుము, నియమావళి తయారీ, దస్త్రాల కోసం ప్రత్యేకంగా కేటాయించవలసిన సిబ్బంది కలిసి పదిమంది పోలీసులున్న ఊరికి మోయలేని భారమవుతాయి. దేశంలోని శాఖల్లో అత్యధికం చిన్నవే కనుక, ఖర్చూ ప్రమాణాల సంఖ్యా తక్కువగా ఉండే సొంత గుర్తింపు పథకాలను పలు రాష్ట్రాలు ఆ తర్వాత మొదలుపెట్టాయి.