తాబేలుకు పాఠం చెప్పిన పిల్లలు

లోతుకుంట నుంచి మా అల్వాల్ వచ్చేలోపు "పిల్లలకు కోడింగ్" అన్న బోర్డులు నాలుగైనా కనిపిస్తాయి. ఇదేదో నిన్నమొన్న పుట్టిన మోజు అనుకుంటాం గానీ, దీని వెనక దాదాపు అరవై ఏళ్ల చరిత్ర ఉందండీ.

1967లో అమెరికాలో సీమోర్ పేపర్ట్, వాలీ ఫర్జీగ్, సింథియా సాలమన్ తదితరులు కలిసి పిల్లల కోసం లోగో అనే కంప్యూటర్ భాష తయారుచేశారు. తర్వాత దానికో తాబేలు తోడైంది. "50 ముందుకు, 90 డిగ్రీలు కుడికి" అని నాలుగుసార్లు చెబితే అది చతురస్రం గీస్తుంది. మూడుసార్లే చెబితే ఒక వైపు తెరుచుకునే ఉంటుంది. తప్పెక్కడుందో టీచరు ఎర్ర సిరాతో చుట్టక్కర్లేదు, బొమ్మే చూపిస్తుంది. ముగ్గులో ఒక చుక్క తప్పితే మనకు ఇంకొకరు చెప్పాలా? అదే సంగతి. అన్నట్టు, పేపర్ట్ పేరు వినిపించినంతగా సాలమన్ పేరు వినిపించదు. ఎందుకో మీకు వేరే చెప్పాలా!

మన దేశంలో 1984లో 'క్లాస్' అనే పథకం మొదలైంది. బ్రిటన్‌ నుంచి వచ్చిన బీబీసీ మైక్రో కంప్యూటర్లను తొలి విడతలో దాదాపు 250 బడులకు ఇచ్చారు. వాటి మెమరీ 32 కిలోబైట్లు. ఇవాళ మనం వాట్సాప్‌లో పంపుకునే ఒక్క ఫొటో కూడా అందులో పట్టదేమో.

తొంభైలలో నేను చదివిన బడిలో కంప్యూటర్ ఒక్కటే, దాని ముందు కుర్చీ కూడా ఒక్కటే. ఆ కుర్చీ ఎప్పుడూ మగపిల్లలదే. మేం బేసిక్ ప్రోగ్రాములు నోటుపుస్తకంలో రాసుకుని, బట్టీపట్టి, మార్కులు తెచ్చుకున్నాం. కాగితం మీద రాసిన ప్రోగ్రాము తప్పో ఒప్పో ఎవరు చెబుతారు? తాబేలు కదలదు కదా.

2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 5000 ప్రభుత్వ హైస్కూళ్లకు కంప్యూటర్లు వచ్చాయి. ఐదేళ్ల ఒప్పందం ముగిసి, చెప్పేవాళ్లు వెళ్లిపోయాక చాలాచోట్ల ఆ గదులకు తాళాలు పడ్డాయి. కంప్యూటర్లయితే లెక్కపెట్టి ఇచ్చారు, పక్కన కూర్చుని చూపించే మనిషిని మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఆ లోటును 2012లో బ్రిటన్‌లో ఇద్దరు ఆడవాళ్లు, క్లేర్ సట్‌క్లిఫ్, లిండా సాండ్విక్, పట్టుకున్నారు. 'కోడ్ క్లబ్' పేరుతో బడి అయిపోయాక వారానికో గంట, స్వచ్ఛందంగా వచ్చే పెద్దలు పిల్లల పక్కన కూర్చునేలా ఏర్పాటు చేశారు. ఫీజు లేదు, పరీక్ష లేదు. దాన్నిప్పుడు నడుపుతున్న రాస్ప్‌బెర్రీ పై ఫౌండేషన్, మనకు దగ్గర్లోని మొయినాబాద్‌లో సాంఘిక సంక్షేమ గురుకులాల కోడింగ్ అకాడమీతోనూ కలిసి పనిచేసింది.

మీ పిల్లలను చేర్పించే ముందు ఫీజుతోపాటు ఇంకోటి కూడా అడగండి: గంట క్లాసులో మా అమ్మాయి చేయి కీబోర్డు మీద ఎన్ని నిమిషాలుంటుంది?