పూటకూటి యిల్లు

అన్నము పెట్టినవారిని మన దేశము వేయినోళ్ల గొనియాడినది. అన్నము నమ్ముకొని బ్రదికినవారిని మాత్రము ఓరచూపుననే చూచినది. గోదావరీ తీరమున లంకల గన్నవరములో వచ్చినవారికెల్ల అన్నము పెట్టిన డొక్కా సీతమ్మగారి (1841-1909) పేరు ఆంధ్రులకు ప్రాతఃస్మరణీయమైనది. అది న్యాయమే. కాని యా కాలముననే పట్టణములలో పూటకూటి యిల్లు నడపి, పరులను చేయి చాపక బ్రదికిన వితంతువు లెందరో యుండిరి. వారి పేరొక్కటియు మనకు దక్కలేదు. గురజాడవారి ‘కన్యాశుల్కము’న (1897) అట్టి స్త్రీకి వృత్తియే పేరైనది, ఆమె ‘పూటకూళ్లమ్మ’యే కాని మరియొకతె కాదు.

ఈ వృత్తి నేటిది కాదు. ఓరుగల్లును వర్ణించు ‘క్రీడాభిరామము’న రూకకు భోజనము పెట్టు పూటకూటి యిల్లు కానవచ్చును. నగరము పెరిగినకొలది ఇల్లు విడిచి వచ్చినవారును పెరుగుదురు. వారు కోరునది ధర్మము కాదు. తాము చెల్లింపగల వెలకు ఇంటి యన్నము. ఆ యన్నము వండు స్త్రీకి సంఘ మేమి చేసినదను ప్రశ్నకు బొంబాయి చరిత్రమున మంచి సమాధానము కలదు.

1854లో కావస్జీ దావరు బొంబాయిలో తొలి నూలుమిల్లును స్థాపించిన పిదప మిల్లులు వరుసగా లేచినవి. కొంకణమునుండియు, దక్కను మెట్టలనుండియు, తెలంగాణపు సాలెవాడలనుండియు కూలీలు తరలిపోయిరి. భార్యాబిడ్డలను ఊర విడిచి, ఒక్కొక్క గదిలో పదుగురు చొప్పున తలదాచుకొనిన యీ పురుషులకు వండి పెట్టినవి ‘ఖానావళు’లు. ఒక స్త్రీ తన యొంటిగది కొంపలోనే పొయ్యి వెలిగించి, పది యిరువదిమందికి రెండుపూటల వండి, నెలకొకసారి సొమ్ము పుచ్చుకొనెడిది.

కష్టమంతయు ఆ ‘నెలకొకసారి’యందే యున్నది. బియ్యము, పప్పు నేడే కావలెను. జీతము నెలాఖరునగాని రాదు. కావున ఆమె కోమటి యంగడిలో అరువు తెచ్చును, లేదా వడ్డీవ్యాపారి గుమ్మ మెక్కును. లాభమంతయు వడ్డీకే చెల్లును. సమ్మె వచ్చెనా, కార్మికుడు చెల్లింపలేడు. అయినను ఆమె వండుట మానలేదు. సమ్మెలను నాయకులు నడిపిరని చరిత్రకారులు వ్రాయుదురు. వారికి కూడు పెట్టినదెవరని వ్రాయుట అరుదు.

గోవా విముక్తి పోరాటమున పాల్గొని, పిదప కార్మికసంఘములలో పనిచేసిన ప్రేమా పురవ్ ఈ సంగతిని గుర్తించి, 1975లో ‘అన్నపూర్ణా మహిళామండలి’ని స్థాపించెను. 1969లో బ్యాంకులు జాతీయము చేయబడియుండుటచే చిన్నవృత్తులవారికి అప్పు దొరకుటకు మార్గ మేర్పడినది. కాని తాకట్టు పెట్టుటకు వీరికేమున్నది? ఒకరికొకరు పూచీపడుటయే వీరి తాకట్టు. ఆరంభమున కొలదిమంది, తరువాత వేలమంది యీ విధమున వడ్డీవ్యాపారి చేతినుండి బయటపడిరి. మండలి తానే ఉమ్మడి వంటశాలలు నెలకొల్పి, స్త్రీలకు పని నేర్పి, కార్యాలయములకు భోజనములు పంపసాగినది. 1982 జనవరి 18న ఆరంభమైన మహాసమ్మెలో సుమారు రెండున్నర లక్షల కార్మికులు పని మానిరి; తరువాత మిల్లులే మూతపడసాగినవి. మిల్లు కూలీ నొక్కనినే నమ్ముకొన్న పొయ్యి యిట్టి కాలమున నిలువజాలదు. పలువురకు వండు ఉమ్మడి వంటశాలకు నిలుచు దారి కలదు.

కేరళమున 1998లో ఏర్పడిన కుటుంబశ్రీ సంఘముల స్త్రీలు 2020 నాటి మహమ్మారిలో ఊరూరను వంటశాలలు నడపిరి. వారి ‘జనకీయ’ భోజనశాలలలో ఇరువది రూపాయలకే భోజనము దొరకినది. భోజనమునకు పది రూపాయలు ప్రభుత్వ మిచ్చెడిది. 2023లో ఆ సహాయము నిలుపగా వెల ముప్పదికి పెరిగినది. చౌకగా పెట్టుమనుట సులభము. ఆ చౌకయొక్క భారమెవరు మోయవలెనో ముందుగా తేల్చకున్న, అది వండునామె నెత్తిననే పడును.

ఇది మనకు దూరపు మాట కాదు. 2001 నవంబరు 28న సర్వోన్నత న్యాయస్థానము బడిపిల్లలకు వండిన యన్నము పెట్టవలెనని ఆజ్ఞాపించినది. 2003నుండి మన రాష్ట్రమున ఆ వంట ప్రధానముగ మహిళాసంఘములది. వంటకు నియమించుటలో దళితులకు ప్రాధాన్య మీయవలెనని 2004 ఏప్రిలులో అదే న్యాయస్థానము మరల ఆదేశించినది. అయినను దళిత స్త్రీ వండినదని పిల్లలను పంక్తినుండి లేపుకొనిపోవు తల్లిదండ్రులు దేశమున నేటికిని కలరు. బిల్లులు రాక అప్పుతెచ్చి వండు స్త్రీలను మాబోటి ఉపాధ్యాయులు ఎఱుగుదురు. నూరేండ్ల క్రిందటి ఖానావళి కష్టమునకును దీనికిని భేదమేమి?

కావున మేము కోరునది కొత్త సత్రములు కాదు. ప్రతి పట్టణమునను ఒక ఉమ్మడి వంటశాల యుండవలెను. ఉదయము అచ్చట బడిపిల్లలకు వండవలెను. మధ్యాహ్నము ఆ పొయ్యిలమీదనే అప్పడములు, పచ్చళ్లు, పిండివంటలు చేసి అమ్ముకొనుటకు పేదస్త్రీలకు తావీయవలెను. సరుకులకు ముందుగనే సొమ్ము చేతికందవలెను. ఎవరు వండినను అందఱును కూర్చుండి తినవలెను. సీతమ్మగారికి చేతులెత్తి మ్రొక్కుదము. పూటకూళ్లమ్మకు మాత్రము మ్రొక్కులతో పనిలేదు, ఆమె కూలి ఆమెకు సకాలమున చెల్లింతము.