తుపాకి గుండు - గాలి నేర్పిన పాఠములు

బొంగరమాడిన ప్రతి పిల్లవానికి ఒక సంగతి తెలియును. వడిగా తిరుగుచున్నంతసేపు బొంగరము నిటారుగా నిలుచును; వడి తగ్గగానే తూలి పడిపోవును. ఈ చిన్న సంగతిని తుపాకి గుండునకు చక్కగా అన్వయించుటకు మానవునకు కొన్ని శతాబ్దములు పట్టినది.

తూటా వేరు, గుండు వేరు. మందు, దానిని అంటించు సాధనము, గుండు ఒకే తొడుగులో చేరినచో అది తూటా. గొట్టమునుండి వెలువడి గురిని చేరునది గుండు. వేటకు ఏ గుండు తగును, దూరపు గురికి ఏది తగును అను ప్రశ్నకు సమాధానము ఆ గుండు చరిత్రలోనే ఉన్నది.

పూర్వకాలపు తుపాకులకు గొట్టము నునుపుగా ఉండెడిది; గుండు గోళీవలె గుండ్రని సీసపు ముద్ద. మూతినుండి సులభముగా దిగవేయుటకై గుండును గొట్టముకన్న కొంచెము చిన్నదిగా పోసెడివారు. అది గోడలకు తగులుచు, ఇష్టము వచ్చినట్లు తిరుగుచు బయటకు వచ్చెడిది. 100 గజములు దాటిన పిమ్మట దాని దారిని నమ్ముటకు వీలులేకుండెను. గొట్టము లోపల మెలికల గాడులు కోసినచో గుండు బొంగరమువలె తిరుగుచు తిన్నగా పోవునని 15వ శతాబ్ది చివరనే జర్మను పనివారు ఎరుగుదురు. అట్టి తుపాకియే రైఫిలు. కాని గాడులను పట్టునట్లు గుండును బిగువుగా దిమ్మిసకొట్టి దింపవలసి వచ్చెడిది. వేటగానికి ఆ తీరిక కలదు. యుద్ధరంగమున సైనికునకు లేదు.

గుండు దారిని గణితముతో పరిశీలించిన వారిలో ఇంగ్లండు దేశీయుడు బెంజమిన్ రాబిన్స్ ముఖ్యుడు. ఆయన ఒక బరువైన చెక్కదిమ్మను ఊయలవలె వ్రేలాడదీసి, దానిలోనికి గుండును పేల్చెను. దిమ్మ ఎంత ఊగినదో కొలిచి, దానినిబట్టి గుండు వేగమును లెక్కకట్టెను. ఈ ఫలితములను 1742లో ప్రకటించెను. విద్యార్థులు ఈ లెక్కను తామే వేసి చూడవచ్చును. గుండు వేగము సెకనుకు 1,600 అడుగులనుకొందము. గాలి లేనిచో, 45 డిగ్రీల కోణమున పేల్చిన గుండు 1,600 × 1,600 ÷ 32 = 80,000 అడుగులు, అనగా 15 మైళ్లు పోవలెను. కాని అట్టి గుండు నిజముగా ఒక మైలైనను పోదు. తక్కిన దూరమునంతటిని హరించినది గాలియే! అంతవరకు లెక్కకు రాని శత్రువును రాబిన్స్ ఇట్లు బయటపెట్టెను. ఆయన తరువాత ఈస్టిండియా కంపెనీ ఇంజనీరుగా మన దేశమునకు వచ్చి, 1751లో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో మరణించెను.

గాలిని జయించుటకు గుండు పొడవుగా ఉండవలెను. ఒకే బరువుగల రెండు గుండ్లలో సన్నగా పొడవుగా ఉన్నదానికి ఎదురుగాలి తక్కువ తగులును. మరి దానిని గొట్టములో సులభముగా దింపుట ఎట్లు? దక్షిణ భారతమున ఊదుగొట్టపు బాణముల అడుగున మెత్తని బెండు ఉండి, ఊదినప్పుడు గొట్టమును నిండుగా పట్టుటను కెప్టెన్ నార్టన్ అను ఆంగ్ల సైనికోద్యోగి గమనించి, అడుగు బోలుగానున్న గుండును రూపొందించెనని చెప్పుదురు. 1849లో ఫ్రాన్సు దేశీయుడు మినియే ఈ మార్గమున కృతార్థుడయ్యెను. ఆయన గుండు వదులుగా దిగును. మందు పేలగానే దాని అడుగు విప్పారి గాడులను పట్టుకొనును. మన దేశమున 1857 నాటి తిరుగుబాటుకు నిప్పురవ్వయైన ఎన్‌ఫీల్డు తూటాలోని గుండు ఈ జాతిదే.

1884లో పాల్ వియేయ్ పొగలేని మందును కనుగొనెను. దాని వేగమునకు మెత్తని సీసము తాళలేక గాడులలో ఒరసిపోవుచుండెను. అందుచే సీసమునకు రాగి తొడుగు వేసిరి. పిమ్మట గుండు మొన సూదిగా మారెను. 20వ శతాబ్ది ఆరంభమున జర్మను సైన్యము మొద్దు మొనగల 15 గ్రాముల గుండును విడిచి, 10 గ్రాముల సూదిమొన గుండును చేపట్టగా, వేగము సెకనుకు సుమారు 640 మీటర్లనుండి 880 మీటర్లకు పెరిగెను. గుండు వెనుక ఏర్పడు శూన్యము దానిని వెనుకకు లాగును. కావున ఫ్రెంచివారు గుండు వెనుక భాగమును పడవ తోకవలె సన్నగిలజేసిరి. నేటికిని దూరపు గురికి ఎన్నుకొనునది ఇట్టి గుండునే. గుండు పొడవైనకొలది గాడుల మెలిక బిగువుగా ఉండవలెనని 1879లో గ్రీన్‌హిల్ సూత్రీకరించెను.

ఇచ్చట రెండవ ప్రశ్న ఎదురైనది. గాలిలో చక్కగా పోవు గట్టి గుండు జంతువు శరీరములోనుండి సూదివలె దూసిపోవును. జంతువు వెంటనే చావక, గాయముతో పారిపోయి బాధపడును. మొన వద్ద తొడుగు లేని గుండు తగిలినంతనే పువ్వువలె విచ్చుకొనును. కలకత్తా చెంతనున్న డమ్‌డమ్ కర్మాగారమున 1890లలో బ్రిటిషువారు ఇట్టి గుండ్లను సైనికులకై తయారుచేసిరి. మనుష్యులపై వాటి ప్రయోగము క్రూరమని 1899 నాటి హేగ్ ప్రకటన నిషేధించెను. విచిత్రమేమనగా, బ్రిటనులో లేళ్ల వేటకు విచ్చుకొను గుండునే వాడవలెనని చట్టము. యుద్ధమున బాధను పెంచునని నిషేధించినదే వేటలో బాధను తగ్గించునని విధింపబడినది.

మరీ విచ్చుకొనినను చిక్కే. 1946లో కెనడాలో జాన్ నోస్లర్ పేల్చిన గుండ్లకు ఒక పెద్ద మూస్ దుప్పి పడలేదు. గుండ్లు పైననే చితికిపోయినవి. ఆయన గుండు నడుమ ఒక రాగి మిశ్రమలోహపు అడ్డుగోడ ఉంచెను. ముందు సగము విచ్చుకొనును. వెనుక సగము చెక్కుచెదరక లోనికి పోవును.

చివరకు సీసమే నేరస్థుడుగా నిలిచెను. చితికిన సీసపు తునకలు గల కళేబరములను తిని అమెరికాలోని కాండర్ రాబందులు విషముచే మరణించుచుండెను. 1982లో మిగిలినవి 22 మాత్రమే. 2019 నుండి కాలిఫోర్నియాలో వేటకు సీసపు గుండ్లు నిషిద్ధము. వాటి స్థానమున రాగి గుండ్లు వచ్చినవి. సీసము సాంద్రత 11.3, రాగి సాంద్రత 8.9. కావున అదే బరువునకు రాగి గుండు మరింత పొడవుగా ఉండును. గ్రీన్‌హిల్ చెప్పిన బిగువు మెలిక మరల అవసరమగును!

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వలన మన దేశమున వన్యమృగముల వేట, కొలది మినహాయింపులతో, నిషేధింపబడినది. అయినను ఈ చరిత్ర మనకొక పాఠము చెప్పుచున్నది. గుండు గురిని చేరునా అను ప్రశ్నకు గణితము సమాధానమిచ్చును. చేరిన పిమ్మట అది ఏమి చేయును, చేయదగునా అను ప్రశ్నకు మానవుడే సమాధానము చెప్పవలెను.