అమీబాకు వరసైన పద్యం

హైస్కూల్లో బొమ్మ గీసి భాగాలు గుర్తించిన అమీబాకు కవిత్వంలో ఒక చుట్టం ఉందని ఈమధ్యే తెలిసి భలే ముచ్చటేసింది. ఇద్దరు వంతులేసుకుని పాడే పద్యాన్ని పాశ్చాత్య లాక్షణికులు ‘అమీబియన్’ అంటారు. రెండింటికీ మూలం ‘అమొయిబే’ అనే గ్రీకు మాట. మార్పు, మారకం అని అర్థం. అక్కడ ఆకారం మారుతుంది, ఇక్కడ గొంతు. మన ‘మారు’ కూడా అంతే కదా, మార్పూ మారుపలుకూ ఒక్క గూటివే! జీవికి ఆ పేరు 19వ శతాబ్దంలో వచ్చింది. పద్యం రెండువేల ఏళ్లు పెద్దది.

క్రీ.పూ. 3వ శతాబ్దపు థియోక్రిటస్ సిసిలీవాడు. ఆయన ఐదో ‘ఇడిల్’ దక్షిణ ఇటలీ మేత బీళ్లలో నడుస్తుంది. మేకలకాపరి కొమాటస్, గొర్రెలకాపరి లాకోన్. నా మేకతోలు దొంగిలించావని ఒకడు, నా పిల్లనగ్రోవి ఎత్తుకెళ్లావని ఇంకొకడు. పాటల్లో తేల్చుకుందామన్నారు. ఎక్కడ కూర్చోవాలి? ఆలివ్ చెట్టు కిందికి రమ్మని లాకోన్, నా ఓక్ చెట్ల నీడే చల్లనని కొమాటస్. ఎవడూ కదల్లేదు, ఎక్కడివాడు అక్కడే పాడాడు! పందెం ఒక మేకపోతు, ఒక గొర్రెపిల్ల. తీర్పరి పక్కనే కట్టెలు కొడుతున్న మోర్సోన్.

ఒకడు రెండు పాదాలు పాడితే రెండోవాడూ రెండే పాడాలి. రోమన్ కవి వర్జిల్‌కు వ్యాఖ్య రాసిన సర్వియస్ నియమం తేల్చి చెప్పాడు: అన్నే పాదాల్లో, మొదటివాడి మాటను మించి అయినా అనాలి, దానికి ఎదురైనా అనాలి. వర్జిల్ మూడో ‘ఎక్లోగ్’లో తీర్పరికి ఇద్దరూ సమానంగానే తోచారు.

తర్వాతి శతాబ్దాలను గబగబా దాటేద్దాం. బాస్క్ దేశంలో ఆశుకవులు నేటికీ ఇచ్చిన అంశం మీద వంతులవారీగా పాడతారు. 2017 పోటీలో మయాలెన్ లుహాంబియో అనే ఆవిడ గెలిచింది. మన యక్షగానాల్లో సంవాద దరువులున్నాయి. చిలకమర్తి ‘గయోపాఖ్యానం’ ఆడేటప్పుడు మా ఊళ్లో కృష్ణుడి పద్యానికి ‘వన్స్‌మోర్’ పడితే, అర్జునుడి తరఫువాళ్లు తమ పద్యానికీ పడేదాకా ఊరుకునేవారు కాదు. హార్మోనిస్టు చేతులు పడిపోయేవి.

మన దగ్గర పోయింది పద్యమొక్కటే అయితే ఇంత బాధ లేదు. ఎదుటివాణ్ణి చివరిదాకా వినకపోతే బదులు కట్టలేని తగాదా అది. ఇప్పటి టీవీ చర్చల్లో నలుగురూ ఒకేసారి అరుస్తారు. పాదాలు లెక్కపెట్టేవాడు లేడు.

చివరికి గొర్రెపిల్ల కొమాటస్‌కే దక్కింది. ఎందుకో మోర్సోన్ చెప్పలేదు. కోసినప్పుడు మాంసంలో తన వాటా పంపమని మాత్రం అడిగాడు.