బాబుకు వృషణం కిందికి దిగలేదా? 'పెద్దయ్యాక అదే దిగుతుందిలే' అని ఆగొద్దు.. ఆపరేషన్‌కు సరైన వయసు ఇదే

మగబిడ్డకు సంచిలో ఒక వృషణమే చేతికి తగిలితే ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే మాట.. 'పెద్దయ్యాక అదే దిగుతుందిలే'. ఇందులో సగమే నిజం. నెలలు నిండి పుట్టినవాళ్లలో 100కి ముగ్గురు, నలుగురికి ఈ సమస్య ఉంటుంది. ముందే పుట్టినవాళ్లలో ఇంకా ఎక్కువ. చాలామందికి మొదటి ఆరు నెలల్లోపే దిగిపోతుంది. ఆ తర్వాత దానంతటదే దిగే ఛాన్స్ చాలా తక్కువ.

అందుకే 6 నుంచి 18 నెలల మధ్య ఆర్కిడోపెక్సీ అనే ఆపరేషన్ చేయించాలని పిల్లల సర్జన్లు చెబుతారు. ఒంటి లోపలి వేడికి వీర్యకణాలను తయారుచేసే కణాలు దెబ్బతింటూ పోతాయి మరి. గజ్జల్లో చేతికి తగిలే వృషణమైతే 95 శాతానికి పైగా కేసుల్లో ఆపరేషన్ సక్సెస్. చాలాసార్లు అదే రోజు ఇంటికి పంపేస్తారు. కడుపులో ఉండిపోతే లాప్రోస్కోపీ చేయాలి, ఒక్కోసారి రెండు విడతల్లో. అక్కడ ఫలితం కాస్త తగ్గుతుంది.

సక్సెస్ అంటే వృషణం కుంచించుకుపోకుండా సంచిలో నిలవడం. తల్లిదండ్రుల అసలు భయం వేరు.. రేపు పిల్లలు పుడతారా? ఒకవైపే సమస్య ఉన్నవాళ్లలో ఎక్కువమంది మామూలుగానే తండ్రులవుతారు. రెండు వైపులా ఉంటే ఆపరేషన్ తర్వాత కూడా కొందరికి ఇబ్బంది తప్పదు. ఇక క్యాన్సర్. దాదాపు 17 వేల మందిపై స్వీడన్‌లో చేసిన అధ్యయనం 2007లో వచ్చింది. 13 ఏళ్లలోపు ఆపరేషన్ అయినవాళ్లలో వృషణ క్యాన్సర్ ముప్పు మామూలు కంటే రెండు రెట్లు, ఆ తర్వాత అయినవాళ్లలో ఐదు రెట్లు దాటింది. ముప్పు పూర్తిగా పోదు కాబట్టి, యుక్తవయసు వచ్చాక అబ్బాయి తనే తడిమి చూసుకోవడం నేర్చుకోవాలి.

చాంద్రాయణగుట్ట చుట్టుపక్కల చాలా ఇళ్లలో బాబుకు చిన్నప్పుడే సున్తీ చేయిస్తారు. వృషణాలు రెండూ ఉన్నాయా అని డాక్టర్‌ను అడగడానికి అదే మంచి టైమ్. మూత్రరంధ్రం కూడా కిందివైపు ఉంటే సున్తీ ఆపి, ముందు పిల్లల సర్జన్‌కు చూపించాలి. ఆ రంధ్రం సరిచేసే ఆపరేషన్‌కు ఆ చర్మమే అవసరం పడుతుంది.

స్కానింగ్‌కు ముందే డబ్బులు పెట్టక్కర్లేదు. అనుభవమున్న డాక్టర్ చేత్తో చేసే పరీక్షే ముఖ్యం. గోరువెచ్చని నీళ్లతో స్నానం చేయించినప్పుడు దిగి, చలికి పైకెళ్లే వృషణమైతే సాధారణంగా ఆపరేషన్ అక్కర్లేదు, ఏటా చూపిస్తే చాలు. రెడ్‌హిల్స్‌లోని నిలోఫర్ ప్రభుత్వ ఆస్పత్రిలో పిల్లల సర్జరీ విభాగం ఉంది. ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా అన్నది ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోవచ్చు.