ఊపిరియు నాదమును

రాయకోట దుర్గము 1791లో మైసూరు యుద్ధమున ఆంగ్లేయులకు వశమైన సంగతి చరిత్ర చదివినవారందఱెఱుఁగుదురు. యుద్ధములకు వలెనే శాంతికిని ఒక చరిత్ర కలదు. అందు మన తెలుఁగునకు గొప్ప స్థానమున్నదని మేము తలంచుచున్నాము.

అభ్యాసముచే శ్వాస దీర్ఘమును సూక్ష్మమును అగునని పతంజలి యోగసూత్రములలో చెప్పెను. 13వ శతాబ్దమున శార్ఙ్గదేవుఁడు సంగీతరత్నాకరమున, ప్రాణవాయువు అగ్నితో కూడుటవలన నాదము పుట్టునని వివరించెను. ఈ భావమునే త్యాగరాజస్వామి (1767-1847) 'మోక్షము గలదా' యను సారమతి రాగ కృతిలో తేటతెలుఁగున నిలిపెను. తమిళదేశమున, కావేరీ తీరమునందలి తిరువయ్యారున నివసించుచు తెలుఁగునఁ బాడిన ఆ మహనీయుఁడు మనవంటి కుటుంబములకు మిక్కిలి ఆప్తుఁడు.

విలంబకాలమునఁ గీర్తన పాడువాఁడు ఊపిరి నిండఁ దీసి మెల్లమెల్లగా విడువక తప్పదు. ఉచ్ఛ్వాసమున గుండెవేగము కొంత హెచ్చి నిశ్వాసమునఁ దగ్గునని నేఁటి శరీరశాస్త్రము తెలుపుచున్నది. తొందరపడిన మనస్సు పాట ముగియునప్పటికి కుదుటఁబడుటకు ఇదియు నొక కారణము.

తమిళనాట 2006 నాఁటి చట్టముచే బడులలో తమిళము నిర్బంధ భాష యయ్యెను. తెలుఁగు నేర్పు భారము ఇంటిపై మఱింత పడినది. అర్థమెఱుఁగక పాడు బిడ్డకు స్వరము దక్కును గాని, అందలి ఉపదేశము దక్కదు.

కావున దీపము పెట్టినపిదప ఇంటిల్లిపాదియుఁ గూర్చుండి, తొందరలేక ఒక్క కీర్తన పాడి, దాని యర్థము పిల్లలకుఁ జెప్పుదము. ఊపిరి నిలకడఁ జెందును, భాషయు నిలుచును.