గోదావరి డెల్టాలో ప్రజారోగ్య విద్య: దానం, సమానత

గోదావరి డెల్టాలో వైద్య విద్య, ప్రజారోగ్య శిక్షణ చాలావరకు దానాల మీదే మొదలయ్యాయి. రంగూన్‌లో సంపాదించిన వర్తకుడి ఆస్తి, జమీందారు విరాళం, మిషన్ల చందాలు, అమెరికాలో స్థిరపడ్డ పూర్వ విద్యార్థుల డబ్బు వాటికి పునాది వేశాయి. ఆ దాతల పేర్లు రాతిపలకల మీద ఉన్నాయి. ఇంకొక దానం ఏ పలక మీదా లేదు. రాత్రిపూట తలుపు తీసి రక్తపు చుక్క కోసం వేలు చాపిన ఇంటివాళ్లదీ, చనిపోయిన మనిషి చివరి రోజుల గురించి ఓపికగా చెప్పిన కుటుంబాలదీ ఆ దానం. ఈ ప్రాంతంలో ప్రజారోగ్యం ఒక శాస్త్రంగా నిలబడడానికి రెండూ అవసరమయ్యాయి.

కాలువలు, మురుగు, బోదకాలు

ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట డెల్టాకు అన్నం పెట్టింది. పొలానికి నీళ్లు తెచ్చే కాలువ మీద పెట్టిన శ్రద్ధను ఊరి మురుగు మీద మాత్రం ఎవరూ పెట్టలేదు. వాలు తక్కువ నేల కావడంతో వాన నీరూ, వాడుక నీరూ ఇళ్ల పక్కనే నిలిచిపోయేవి. మురికి నీళ్లలో పెరిగే క్యూలెక్స్ దోమకు అది అనువైన చోటు. ఆ దోమ మోసుకొచ్చే సన్నని దారం లాంటి పురుగు వల్ల ఫైలేరియా వస్తుంది. జనం మాటలో అది బోదకాలు.

ఈ జబ్బు ఒక్క దోమకాటుతో రాదు. ఏళ్ల తరబడి కుట్టించుకుంటే పురుగులు శోషరస నాళాల్లో చేరి స్థిరపడతాయి. మొదట గజ్జల్లో బిళ్ల కట్టి జ్వరం వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. తర్వాత కాలు వాచి, చర్మం మందమై, వాపు తీయకుండా ఉండిపోతుంది. మగవాళ్లలో వరిబీజం దిగుతుంది. బోదకాలు సాధారణంగా ప్రాణం తీయదు. కూలి పోగొడుతుంది, పెళ్లి చెడగొడుతుంది, నలుగురిలోకి రానివ్వదు. ఊడ్పుల వేళ చేలో దిగలేని ఆడమనిషికి, బరువెత్తలేని హమాలీకి ఈ జబ్బు చేసే నష్టం మరణాల లెక్కలో ఎక్కడా కనిపించదు. దోమకు పేదా గొప్పా లేదంటారు. అయితే మురుగు పల్లానికే పారుతుంది. డెల్టా ఊళ్లలో ఆ పల్లంలో గుడిసెలు వేసుకున్నది ఎవరో అందరికీ తెలుసు.

మిషన్ ఆసుపత్రులు

ఆధునిక వైద్య శిక్షణకు తొలి అడుగులు మిషన్లవి. లూథరన్ మిషన్ తరఫున వచ్చిన డాక్టర్ లిడియా వర్నర్ రాజమండ్రిలో స్త్రీలకూ పిల్లలకూ ఆసుపత్రి నెలకొల్పింది. మగ డాక్టరు చెయ్యి పట్టనివ్వని ఇళ్ల స్త్రీలు అంతవరకూ కాన్పులో చనిపోవలసి వచ్చినా ఆసుపత్రి గడప తొక్కేవారు కాదు. రామచంద్రపురంలో కెనడా బాప్టిస్టు మిషన్‌కు చెందిన ఇసబెల్ హాచ్ చొరవతో కుష్ఠు రోగుల ఆశ్రమం వెలిసింది. ఊరు వెలివేసిన వాళ్లకు అది ఊరయింది. ఈ సంస్థల్లో మతప్రచారం కూడా ఉంది, ఆ విషయం దాచనక్కర్లేదు. అంటరానివాడలకు చెందిన ఆడపిల్లలు తెల్లచీర కట్టి నర్సులుగా నలుగురి గౌరవం పొందే దారి మాత్రం మొదట తెరుచుకున్నది ఇలాంటి చోట్లనే.

కాకినాడ నుంచి బోస్టన్‌కు

దానం ఎంత దూరం వెళ్లి ఎలా తిరిగి రాగలదో చెప్పడానికి యల్లాప్రగడ సుబ్బారావు జీవితానికి మించిన ఉదాహరణ ఈ డెల్టాలో లేదు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదువు మొదలుపెట్టి, మద్రాసు వైద్య కళాశాలకు వెళ్లాడు. శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు కోటు వేసుకు వెళ్లినందుకు ఆంగ్లేయ ఆచార్యుడి కోపానికి గురయ్యాడు. చివరకు చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, అంతకు తక్కువదైన ఎల్‌ఎంఎస్. అతని సోదరులిద్దరు స్ప్రూ అనే పేగు జబ్బుతో కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. అదే జబ్బు తనకూ వచ్చినప్పుడు ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో బతికాడు.

ఉష్ణమండల వ్యాధుల చదువు కోసం అమెరికా వెళ్లాలనుకున్నప్పుడు చేతిలో డబ్బు లేదు. మామగారు పోగుచేసిన సొమ్ము కొంత. ఇస్తామని కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ మాటిచ్చిన సాయం కొంత. సత్యలింగ నాయకర్ రంగూన్‌లో వ్యాపారం చేసి గడించిన ఆస్తిని చదువుల కోసం వదిలి వెళ్లిన మనిషి. ఆయన పేరుతో నడిచే విద్యాసంస్థలు కాకినాడలో ఇప్పటికీ ఉన్నాయి. ఆ ధైర్యంతోనే సుబ్బారావు 1922 అక్టోబరులో బోస్టన్ చేరాడు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యం చదివి డిప్లొమా తీసుకున్నాడు. ఆ విభాగం ఆ తర్వాత హార్వర్డ్ ప్రజారోగ్య పాఠశాలలో భాగమైంది. దారి ఖర్చు సాయంతో గడిచినా రోజు గడవాలి. అందుకోసం ఆసుపత్రిలో రాత్రిపూట చిన్నాచితకా పనులు చేశాడు.

1940లో లెడర్లీ ప్రయోగశాలల్లో చేరాక అతని నాయకత్వంలోని పరిశోధకులు ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేశారు. అతని అన్నదమ్ములను బలిగొన్న జబ్బుకు పనికొచ్చిన మందు అది. 1947లో అదే బృందంలోని హ్యూయిట్ తదితరులు డైఈథైల్ కార్బమజీన్, అంటే డీఈసీ, ఫైలేరియా పురుగుల మీద పనిచేస్తుందని చూపించారు. ఆ మరుసటి ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశాడు. తన ఊరి వీధుల్లో బోదకాళ్లతో తిరిగిన వాళ్ల కోసం ఆ మాత్ర వాడకంలోకి రావడం అతను చూడలేదు. కాకినాడ ధర్మసంస్థ ఒక విద్యార్థికి మాటిచ్చినప్పుడు ఇదంతా ఎవరి ఊహలోనూ ఉండి ఉండదు. పావు శతాబ్దం తర్వాత అందిన ఫలితం మాత్రం ప్రపంచమంతటిది అయింది.

రాజమండ్రి ఫైలేరియా శిక్షణ కేంద్రం

1955లో భారత ప్రభుత్వం జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. కార్యకర్తలకూ వైద్యాధికారులకూ పని నేర్పడానికి దేశం మొత్తం మీద మూడు ప్రాంతీయ కేంద్రాలు ఏర్పడ్డాయి. కోళిక్కోడ్, వారణాసి, రాజమండ్రి. ఇవి తర్వాత జాతీయ అంటువ్యాధుల సంస్థ కింద నడిచాయి. 1963లో ఏర్పడిన ఆ సంస్థ పేరు 2009లో జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రంగా మారింది. డెల్టాలో ప్రజారోగ్య పాఠశాల అని పిలవదగ్గది ఏదైనా ఉంటే మొదట ఇదే. వైద్య కళాశాల అంత పేరు దీనికి లేదు. గోదావరి పుష్కరాల గురించి గంటలు మాట్లాడే రాజమండ్రి వాళ్లలో కూడా ఇలాంటిదొకటి తమ ఊళ్లో ఉందని తెలిసినవాళ్లు తక్కువ.

ఇక్కడి పాఠం రాత్రిపూట నడుస్తుంది. ఫైలేరియా పురుగు పిల్లలు పగలంతా లోపలి అవయవాల్లో, ముఖ్యంగా ఊపిరితిత్తుల నాళాల్లో దాక్కుని, రాత్రి పొద్దుపోయాక చర్మపు రక్తంలోకి వస్తాయి. దోమ కుట్టే వేళకు అవి సిద్ధంగా ఉంటాయన్నమాట. అందువల్ల సర్వే బృందం రాత్రి భోజనాలయ్యాక బయల్దేరి, చాలాసార్లు అర్ధరాత్రి దాకా ఇంటింటికీ తిరగాలి. నిద్రపోతున్న పిల్లల్ని తల్లి లేపాలి. వేలికొన మీద సూదితో పొడిచి 20 ఘన మిల్లీమీటర్ల రక్తం గాజుపలక మీద పూస్తారు. తెల్లవారాక దానికి రంగు వేసి సూక్ష్మదర్శిని కింద పురుగు పిల్లల్ని లెక్కపెడతారు.

బయట ఒంట్లో ఏమీ లేనట్టు కనిపించే మనిషి రక్తంలోనే చాలాసార్లు ఈ పురుగులు బయటపడతాయి. ఆ మనిషికి మందివ్వడం అతని కోసమే కాదు, పక్కింటి పిల్లల కోసం కూడా. ఈ మాట అర్థమయ్యేలా చెప్పగలిగితేనే తలుపు తెరుచుకుంటుంది. రక్తం తీసుకెళ్లి ఏం చేస్తారు, అమ్ముకుంటారా అని అడిగే ముసలమ్మకు విసుక్కోకుండా జవాబు చెప్పడం శిక్షణలో అసలు భాగమని నా అభిప్రాయం. సూది పొడవడం ఒక పూటలో వస్తుంది. ఇది రాదు. వేల ఇళ్ల వాళ్లు ఇలా ఏ లాభమూ ఆశించకుండా ఇచ్చిన రక్తపు చుక్కలే పరిశోధన పత్రాల్లో శాతాలుగా మారాయి.

2004 నుంచి దేశంలో ఏడాదికోసారి ఊరందరికీ డీఈసీ మాత్రలు మింగించే పద్ధతి విస్తరించింది. దానికి ఆల్బెండజోల్ తోడయింది. ఆ మందును ప్రపంచ ఆరోగ్య సంస్థ కార్యక్రమానికి గ్లాక్సో సంస్థ ఉచితంగా ఇస్తోంది. రెండేళ్లలోపు పిల్లలకూ, గర్భిణులకూ, తీవ్రంగా జబ్బుపడ్డ వాళ్లకూ మాత్రలివ్వరు. మాత్ర చేతిలో పెట్టి వెళ్లిపోకుండా కళ్లముందే మింగించాలన్నది నియమం. నియమం సడలిన చోట మాత్రలు గూట్లోనే ఉండిపోతాయి. ఇప్పుడు వేలిచుక్కతో పగలే ఫలితం చెప్పే పరీక్ష పట్టీలు వచ్చాయి. ఆరేడేళ్ల పిల్లల్ని ఆ పట్టీలతో పరీక్షించి, వ్యాప్తి ఆగిందో లేదో తేలుస్తారు.

కొత్తగా జబ్బు సోకకుండా చూడడంలో పురోగతి వచ్చింది. ఇప్పటికే కాలు వాచిన వాళ్ల సంగతి వేరు. వాళ్లకు రోజూ సబ్బుతో కడిగి, మెత్తగా ఒత్తి తుడిచి, వేళ్ల సందుల పుళ్లకు మందు రాసే పద్ధతి నేర్పాలి. వరిబీజానికి శస్త్రచికిత్స చేయించాలి. వ్యాప్తి లెక్క సున్నాకు చేరినా వీళ్లు బతికున్నంతకాలం ఈ పని ఉంటుంది.

రంగరాయ వైద్య కళాశాల

కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల 1958లో మొదలైంది. రాజమండ్రి లోక్‌సభ సభ్యుడూ వైద్యుడూ అయిన దాట్ల సత్యనారాయణ రాజు స్థాపకుల్లో ముఖ్యుడు. కొవ్వూరు దగ్గరి దొమ్మేరు జమీందారీ కుటుంబం ఇచ్చిన విరాళానికి గుర్తుగా ఆ కుటుంబీకుడి పేరు కళాశాలకు పెట్టారు. ప్రైవేటుగా పుట్టిన సంస్థ తర్వాత ప్రభుత్వపరమైంది. నా దృష్టిలో ఆ మార్పే దానం విలువను పెంచింది. జమీందారు డబ్బుతో లేచిన గోడల మధ్య సర్కారు ఫీజుతో రైతు కూలీల పిల్లలు కూడా డాక్టర్లయ్యారు. బోధనాసుపత్రిగా ఉన్న కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రికి డెల్టా నుంచే కాక ఏజెన్సీ కొండల నుంచీ రోగులు వస్తారు. చదువుకునే వాళ్లు పని నేర్చుకునేది ఆ పేద రోగుల ఒంటి మీదనే.

45 గ్రామాల మరణాల పుస్తకం

2000 దశకం మొదట్లో ప్రజారోగ్య పరిశోధన కొత్త దారి పట్టింది. బైర్రాజు సత్యనారాయణ రాజు జ్ఞాపకార్థం 2001లో ఏర్పడిన బైర్రాజు ఫౌండేషన్ గోదావరి జిల్లాలతో సహా సుమారు 200 గ్రామాల్లో ఆరోగ్య కేంద్రాలూ, గ్రామస్థుల వాటాతో మంచినీటి ప్లాంట్లూ నడిపింది. ఆ గ్రామాల్లోనే ఆస్ట్రేలియాకు చెందిన జార్జ్ ఇన్‌స్టిట్యూట్, హైదరాబాద్ కేర్ ఫౌండేషన్ తదితర సంస్థలు కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య అధ్యయనం చేశాయి. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాలు. జనాభా 1,80,162. 2003 అక్టోబరు నుంచి ఏడాదిలో నమోదైన మరణాలు 1,354.

గ్రామ ఆరోగ్య కార్యకర్తలు చావు జరిగిన ఇంటికి వెళ్లి, ఇంటివాళ్లను అడిగి, చివరి రోజుల లక్షణాలు రాసుకున్నారు. వైద్యులు వాటిని చదివి కారణం నిర్ణయించారు. ఎక్కువమంది ఇంట్లోనే చనిపోయే చోట మరణ కారణం తెలుసుకోవడానికి ఇంతకంటే దారి లేదు. మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనేనని తేలింది. గాయాలు, ఇతర బయటి కారణాలు 13 శాతం. అంటువ్యాధులు 12 శాతం. పల్లెల్లో అతిసారం, మలేరియాలే చావుకు ప్రధాన కారణమని నమ్ముతూ వచ్చిన పాలకులకు ఇది మేల్కొలుపు. గుండెపోటు పట్నవాసుల జబ్బన్న మాట ఇక చెల్లలేదు. నాట్లు వేసే ఆడమనిషికీ రక్తపోటు ఉంది. ఉందని ఆమెకు తెలియదు, తెలిసినా నెలనెలా మాత్ర కొనే స్థోమత లేదు.

2009 జనవరిలో బైర్రాజు కుటుంబం స్థాపించిన సత్యం కంప్యూటర్స్ కుప్పకూలాక ఆ కుటుంబం నిధులతో నడిచిన ఫౌండేషన్ పనులు కుంచించుకుపోయాయి. ఒకే కుటుంబం దానం మీద ఊరి ఆరోగ్య కేంద్రం ఆధారపడితే కంపెనీ కష్టం రోగి కష్టమవుతుంది. అధ్యయనం మాత్రం నిలిచింది. దాని కొనసాగింపుగా పశ్చిమగోదావరి జిల్లాలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో ఆశా కార్యకర్తలు చేతిలో టాబ్లెట్లతో ఇంటింటికీ వెళ్లి రక్తపోటు చూసి, గుండె జబ్బు ముప్పున్న వాళ్లను డాక్టరు దగ్గరకు పంపే ప్రయోగం జరిగింది. 2019లో వచ్చిన ఫలితాల్లో రక్తపోటు అదుపులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. దీన్ని ఆశా కార్యకర్తల వైఫల్యంగా చూడడం అన్యాయం. వాళ్లు పంపిన మనిషికి ఆరోగ్య కేంద్రంలో డాక్టరు ఉండాలి, డాక్టరు రాసిన మాత్ర అక్కడే దొరకాలి, వచ్చే నెలా దొరకాలి.

కొండ నుంచి కాకినాడకు

డెల్టా సగటు లెక్కల వెనక ఏజెన్సీ దాగిపోతుంది. 2017 జూన్‌లో తూర్పుగోదావరి జిల్లా వై.రామవరం మండలం చాపరాయిలో జ్వరాలతో 16 మంది కొండరెడ్లు చనిపోయారు. రోడ్డూ ఫోనూ లేని ఆ గూడెం సంగతి బయటికి తెలిసేసరికే ఆలస్యమైంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజనతో రంపచోడవరం, చింతూరు ప్రాంతాలు అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరాయి. కష్టమైన కాన్పులకు, పెద్ద జబ్బులకు మాత్రం కాకినాడ, రాజమండ్రి ఆసుపత్రులే దిక్కు. 2023 సెప్టెంబరులో రాజమండ్రిలో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది.

ఉత్తర అమెరికాలోని రంగరాయ పూర్వ విద్యార్థుల సంఘం కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రిలో తల్లీబిడ్డల బ్లాకు నిర్మాణానికి నిధులిచ్చింది. తక్కువ ఫీజుతో చదివించిన ఊరికి తిరిగి చెల్లించాలన్న తపన అందులో ఉంది, అది మెచ్చుకోదగ్గది. భవనం ఒకసారి ఇస్తే సరిపోతుంది. రాత్రి డ్యూటీ నర్సుకు జీతం మాత్రం ప్రతినెలా ఇవ్వాలి, ఆ బాధ్యత ప్రభుత్వానిదే. ఆ బ్లాకు దాకా రావాలంటే ముందు కొండ దిగాలి. రోడ్డు లేని గూడేల నుంచి నొప్పులు పడుతున్న మనిషిని డోలీలో మోసుకొచ్చే నలుగురు ఆ రోజు కూలి మానుకుని, వాగు దాటి, అంబులెన్సు ఆగే చోటికి నడుస్తారు.